అమావాస్య నాటి కొలత

మా డాబా మీద పిడుగులను పసిగట్టే యాంటెన్నా పెట్టడానికి అమావాస్య రోజును ఎంచింది నేనే. ఆ రోజు నేతపనివాళ్లకు సెలవు. కింది వాటాలోని నాలుగు సాంచాలు నడవవు. మరమగ్గాలను మా కరీంనగర్ వైపు అలాగే అంటాం. ఇల్లు నిశ్శబ్దంగా ఉంటే యాంటెన్నా బిగించే టెక్నీషియన్ చెప్పేది నాకు సరిగా వినబడుతుందనుకున్నాను. అతను గాలిలో వేరే రేడియో అలల గోల ఉందేమోనని రెండు గంటలు మీటరు పెట్టి చూసి, "ఇంత సాఫ్ జాగ యాడ దొర్కలే టీచరమ్మా" అని మెచ్చుకుని పోయాడు.

మెరుపులోంచి పుట్టే రేడియో అలలను ఆ యాంటెన్నా కడ్డీ పట్టుకుంటుంది. ఒకే మెరుపు అలలు నాలుగైదు ఊళ్లకు ఏ క్షణాన చేరాయో లెక్కగట్టి, పిడుగు పడిన చోటు చెబుతారు. విమానాశ్రయంలో ఇంధనం నింపేవాళ్లను, సామాను మోసేవాళ్లను మైదానం నుంచి లోపలికి పిలిచేది ఆ లెక్కను చూసే. ఉరుము విన్న సమయం పుస్తకంలో రాయడం నా పని. లెక్కలు చెప్పి రిటైరైనదాన్ని, రాయడం బరువనిపించలేదు. నొప్పెట్టే మోకాళ్లతో మెట్లెక్కి కడ్డీ మీది పావురాల రెట్ట కడగడమే బరువు.

మూడో నెలలో అతను మళ్లీ వచ్చాడు. ఆకాశం తేటగా ఉన్న రోజుల్లోనూ మా కడ్డీ పిడుగులు చూపిస్తోందట.

"గీ గడబిడల అసలు పిడుగు వడ్డా దొర్కది. ఇంట్ల ఏమన్న మోటర్లున్నయా?" అన్నాడు.

పుస్తకం తీశాను. ఉరుములే కాదు, కరెంటు పోయిన, వచ్చిన సమయాలూ రాస్తాను. అతను తెచ్చిన కాగితంలోని పదకొండు తప్పుడు పిడుగుల్లో పది, కరెంటు వచ్చిన నిమిషంలోపే ఉన్నాయి. అప్పుడే కింది నేతన్న అరిగిన స్విచ్చిని మూడు నాలుగుసార్లు కొట్టి సాంచాలు నడిపిస్తాడు. దానిలోంచి నిప్పురవ్వలు లేస్తాయి. ఆ రవ్వల అలలనే కడ్డీ పిడుగులనుకుంది.

చాయ్ తెచ్చిన నేతన్న భార్య గుమ్మంలోనే ఆగింది. "సాంచాలు బందువెట్టుమంటరా సారూ?"

"బందు గాదమ్మా. ఏరే జాగకు మార్చుకుంటే మంచిది."

"నాలుగు సాంచాలు నెత్తిన వెట్టుకోని పోవాల్నా? జర మీరొక చెయ్యి వెయ్యుండ్రి మరి."

అతను నావైపు తిరిగాడు. "టీచరమ్మా, ఇల్లు మీది. మీరే ఒక మాట చెప్పుండ్రి."

వాళ్లకు వేరే చోటు లేదు. పదేళ్లుగా ఆ సాంచాల మీదే ఆ ఇద్దరి తిండి.

"వాళ్ల తప్పేం లేదు," అన్నాను. "అమావాస్యనాడు రమ్మన్నది నేను. ఆ దినం సాంచాలు నడువయని ఎరుకే."

"మరి అప్పుడే చెప్పకపోతిరి?"

"సాంచాలు నా చెవులకే అడ్డమనుకున్న. నీ కడ్డీకి గూడ అడ్డమని నాకేం ఎరుక? నువ్వు మోటర్ల సంగతి అడుగలే. కడ్డీని ఒక్క మనిషి మోస్తడు. గదే తీస్కపో బిడ్డా."

అతను కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. తర్వాత పైకెళ్లాడు. నాలుగు బోల్టులు విప్పడానికి గంటా పది నిమిషాలు పట్టింది. ఇక చెన్నూరు దిక్కు ఇంకో డాబా వెతకాలన్నాడు. అంతదాకా ఈ వైపు పడే పిడుగుల లెక్క కొంత తప్పుతుందట. ఎప్పటికి దొరుకుతుందో అతను చెప్పలేదు. నాకు అడిగే ఓపిక లేకపోయింది.