ఖాళీ అనుకున్న కంప్యూటర్

మొన్న ల్యాప్‌టాప్‌లోంచి ఒక ప్రోగ్రాం తీసేస్తే, అంతా పూర్తిగా తొలగించామని తెరమీద కబురొచ్చింది. మిరపకాయలు దంచిన రోలుని ఎంత కడిగినా మర్నాటి పచ్చడికి ఘాటు తగులుతుందని ఎరిగిన మనం ఇలాంటివి నమ్మం. నేను మాత్రం ఒకసారి నమ్మాను.

అద్దంకిలో మాకు చిన్న కంప్యూటర్ సెంటర్ ఉండేది. అక్క పెళ్ళిపత్రికలు టైపు చేసేది, నేను కంప్యూటర్లు బాగుచేసేవాణ్ణి. రిపేర్లు నావి, పేరు అక్కది. ఆ పేరు విని గుంటూరులో ఒక ప్రెస్సువాళ్ళు ఉద్యోగానికి పిలిచారు. టైపింగు పరీక్షకి అలవాటైన సాఫ్ట్‌వేర్ తెచ్చుకోవచ్చు గానీ తమ కంప్యూటర్లలో ఏదీ ఇన్‌స్టాల్ చేయకూడదన్నారు. పెన్‌డ్రైవ్‌లోంచే నడిచేటట్టు చేసిస్తానని నేను ముందుకు దూకాను.

ఇన్‌స్టాలర్ కొత్తల్లుడి లాంటిది, ఒక గదిలో కుదురుగా ఉండదు, సామానంతా ఇల్లంతా సర్దేస్తుంది. దాన్ని పట్టుకోవడానికి నాన్న పద్ధతే ఎంచుకున్నాను. మిర్చి లారీల కాటా దగ్గర పనిచేసే నాన్న ఖాళీ లారీని తూచి, లోడుతో మళ్ళీ తూచి, తేడా ఎంతో సరుకంత అనేవాడు. నేనూ ఇన్‌స్టాల్‌కి ముందోసారి, తరవాతోసారి ఫైళ్ళనీ, సెట్టింగులన్నీ దాచుకునే రిజిస్ట్రీనీ ఒక ప్రోగ్రాంతో నమోదు చేయించి, కొత్తగా చేరినవన్నీ పెన్‌డ్రైవ్‌లోకి ఎత్తాను. అదే సాఫ్ట్‌వేర్ పాత కాపీని అప్పటికే తీసేశాను గనక కంప్యూటర్ ఖాళీయే అనుకున్నాను. తెరమీద తెలుగు అక్షరాలు చూపించే దాని ఫాంట్లు మాత్రం లోపలే మిగిలిపోయాయి. రెండు తూకాల్లోనూ ఉన్నవి తేడాలో ఎందుకు కనబడతాయి?

“ఏరా, అక్కడ కూడా ఇలాగే వస్తుందా?” అని అక్క అడిగితే, మా కంప్యూటర్లోనే నడిపి చూపించి మీసం మెలేశాను. పక్క షాపులో పెట్టి చూసే బుద్ధి పుట్టలేదు.

ప్రెస్సులో అక్క ఏం కొట్టినా తెలుగు బదులు అర్థంలేని ఇంగ్లీషు ముక్కలు వచ్చాయట. ఉద్యోగం ఇంకెవరికో వెళ్ళింది. బస్సు దిగుతూనే, “నా వేళ్ళే తప్పు కొడుతున్నాయేమోనని చెరిపి చెరిపి కొట్టానురా” అంది. తప్పెక్కడుందో వెతికి చెప్పాక నవ్వేసి, “బస్తాలుండగానే ఖాళీ కాటా వేశావన్నమాట. నాన్నకి చెప్పకు, ఇంట్లోకి రానివ్వడు” అంది. తిట్టినా బాగుండేది.

ఆ వేసవిలో సెంటర్‌కి పని తగ్గి, అక్క కోల్డ్ స్టోరేజీ దగ్గర మిరపకాయల తొడిమలు తీయడానికి వెళ్ళింది. ఇంటికొచ్చి మండే వేళ్ళని మజ్జిగలో ముంచుకుంటుంటే, ఎదురుగా అన్నం తింటున్న నేను కంచంలోంచి తలెత్తేవాణ్ణి కాదు.

ఇప్పుడు తెలుగు ఏ ఫోనులో కొట్టినా తెలుగులాగే కనబడుతుంది, ఫాంట్లని మోసుకెళ్ళే అవస్థే లేదు. అక్క మాత్రం కబుర్లన్నీ గొంతు రికార్డు చేసి పంపుతుంది. అంత వేగంగా టైపు చేసిన మనిషి ఒక్క అక్షరం కొట్టదు. బద్ధకం అంటుంది, నేను రెట్టించి అడగను. పొడుగ్గా తెలుగులో జవాబు రాసి, పంపబోతూ, అక్కడ అక్షరాలు సరిగ్గా కనబడతాయో లేదోనని ఇప్పటికీ ఒక్క క్షణం ఆగుతాను.