సిస్టరమ్మగారి ఇంటిపేరు

సిస్టరమ్మగారు పోయారని మొన్న మంగళవారం పొద్దున్న రాజమండ్రి మఠం నుంచి ఫోను వచ్చింది. ఎత్తింది మా ఆవిడ. నేను ఎత్తినా అవతలివాళ్ళకి ఏమీ వినబడదు. నిరుడు నా గొంతులో గడ్డ తీసేశాక నోరు తెరిస్తే గాలి తప్ప మాట రావడం లేదు. సంతల్లోనూ, బస్టాండు సెంటర్లలోనూ, తణుకు రోడ్డు మీద చెరుకు బళ్ళు ఆగే చోటా నిలబడి వాక్యం చెప్పిన గొంతు అది. మైకు చెడిపోయిన రోజున కూడా కూటం ఆపినవాణ్ణి కాను.

"ఎన్నింటికండీ? ఈ వేళేనా అండీ?" అని మా ఆవిడ అడుగుతూ ఉంటే, నిజం చెబుతున్నాను, నాకు ఏడుపు కంటే ముందు భయం పుట్టింది. తన సమాధి దగ్గర చెయ్యమని ఆమె నాకు ఒక పని అప్పజెప్పి ఉన్నారు. ఆ పనికి చదువు అక్కర్లేదు, డబ్బు అక్కర్లేదు. గొంతు కావాలి.

ఆమె ఎవరో తెలియనివాళ్ళకి చెప్పాలి. స్పెయిన్ దేశంలో పుట్టిన కతోలిక మఠకన్య. వయసులో ఉండగానే మా వైపు వచ్చి, కోనసీమలో మా ఊరి ఏటిగట్టు కింద ఉన్న చిన్న ఆసుపత్రిలో నర్సుగా చేరారు. ముసలితనం మీద పడి మఠంవాళ్ళు రాజమండ్రి తీసుకుపోయేదాకా అక్కడే ఉన్నారు. మా ఊళ్ళో సగంమందిని పుట్టగానే చేతుల్లోకి తీసుకున్నది ఆమే. నేను ఆమె సంఘం మనిషిని కాను. అసలు ఏ సంఘానికీ పాస్టరుని కాను. బడి చిన్నప్పుడే ఆగిపోతే అక్షరం నేర్పింది బైబిలు గ్రంథమే. కతోలికుల విగ్రహాల సంగతిలో నాకు గట్టి అభిప్రాయాలు ఉన్నాయి. ఇప్పటికీ ఉన్నాయి.

ఆ అభిప్రాయాలు చెప్పడానికే, మీసం వచ్చిన కొత్తలో, ఆసుపత్రి ఎదురుగా బల్ల వేసి మైకు పెట్టాను. దేవుణ్ణి మరిచిన జనం ఎడారిలో పోతపోసి మొక్కిన బంగారు దూడ దగ్గర ఎత్తుకుని, ఆసుపత్రి గుమ్మంలో ఉన్న మరియమ్మ విగ్రహం దగ్గర దింపాను. వరసగా కొన్ని సాయంత్రాలు అదే పని. చివరికి గొంతు పూడుకుపోయింది. ఊళ్ళో మందు ఇచ్చేది ఆమె ఒక్కతే. వెళ్ళి అరుగు మీద తల వంచుకుని కూర్చున్నాను. ఆమె టార్చిలైటు వేసి గొంతులోకి చూసి, దూదితో మందు పూశారు.

"నన్ను తిట్టిన గొంతు ఇదేనా అండీ?"

తల ఊపాను.

"మంచి గొంతు. ఉప్పునీళ్ళు పుక్కిలించండి. దూడ సంగతి మధ్యలో ఆగిపోయింది, మిగతాది వినాలి కదా."

అప్పటినుంచి ఆమెకి నేను "మైకుగారు" అయ్యాను.

ఆమె ఇంటిపేరు సంగతి కూడా ఆ అరుగు మీదే మొదలైంది. మా వైపు మనిషి పరిచయం కాగానే అడిగేది ఇంటిపేరు. అది చెబితే ఊరు, కులం, చుట్టరికం అన్నీ చెప్పినట్టే. తెల్లావిడని అడగడానికి అందరూ జంకారు గానీ మా మేనత్త జంకలేదు. కాలి పుండుకి కట్టు కట్టించుకుంటూ అడిగేసింది.

"మీ ఇంటిపేరేంటమ్మగారూ?"

"లోపెస్ దె వల్దెరోసా."

"అంత పొడుగే? అది మీ ఒక్కళ్ళదేనా, ఊరందరిదీనా?"

"సగం ఊరందరిదీ, సగం మాదీ."

"ఇంతకీ మీరేమిటోళ్ళండీ?"

"గొర్రెలోళ్ళం."

మా మేనత్త తృప్తిపడింది. "అదీ. అడిగితే గాని తెలవదు" అంది మా అందరికేసీ చూసి.

లోపెస్ అనేది వాళ్ళ దేశంలో ఏ ఊరు వెళ్ళినా ఉండే పేరట. ఆమె పూర్వులది కొండల నడుమ లోయలో వల్దెరోసా అనే పల్లె. చలికాలం మంచు పడితే గొర్రెల్ని తోలుకుని దక్షిణాన మైదానాలకి దిగేవాళ్ళు. అక్కడ నాలుగు వైపుల నుంచీ వచ్చిన లోపెస్‌లు పోగయ్యేవాళ్ళు. ఎవరి మంద ఎవరిదో తెలియాలి కదా, వీళ్ళని వల్దెరోసా లోపెస్‌లు అన్నారు. ఎండలు ముదిరాక మందతో పాటు ఆ పేరునీ ఇంటికి తెచ్చుకున్నారు. బాప్తిస్మం ఇచ్చే గురువు అలాగే పిలిచాడు. రెండు పేర్లు కలిసి ఒకటే అయిపోయాయి. ఇందులో మాకు వింతేమీ కనబడలేదు. మా ఇంటిపేరు మెరకలంక. గోదావరి మధ్యనున్న ఆ లంక విడిచి మా ముత్తాతలు గట్టు మీదికి వస్తే, గట్టువాళ్ళు వాళ్ళని అలా పిలిచారు.

వింత అనిపించింది వేరే సంగతి. తమ వైపు బిడ్డకి తండ్రి ఇంటిపేరు వెనక తల్లి పుట్టింటి పేరు కూడా ఉంటుందని, పెళ్ళయినా ఆడదాని ఇంటిపేరు మారదని ఆమె చెప్పారు. "మారకపోతే మొగుడు ఊరుకుంటాడా?" అని అరుగు మీద ఆడవాళ్ళలో ఎవరో అంటే అందరూ నవ్వారు. కానీ ఆమె ఊరుకోలేదు. ఆ తర్వాత మందుల కోసం వచ్చిన ప్రతి ఆడమనిషినీ పుట్టింటి పేరు అడిగి, గుర్తుపెట్టుకుని, వంతు వచ్చినప్పుడు రెండు ఇంటిపేర్లూ కలిపి కేక వేసి పిలవడం మొదలుపెట్టారు.

మా అమ్మని పిలిచిన రోజు నేను అక్కడే ఉన్నాను. "మెరకలంక, కాకర, సుందరమ్మగారూ" అని గదిలోంచి కేక వచ్చింది. మా అమ్మ లేవలేదు. పక్కావిడ మోచేత్తో పొడిచింది. "నిన్నేనే." మా అమ్మ వీధి వైపు చూస్తూనే ఉంది. "కాకరోళ్ళు ఎవరైనా వచ్చేరేమో అని చూస్తన్నానే" అంది. పెళ్ళయ్యాక ఆ పేరు పెట్టి ఆమెని పిలిచినవాళ్ళు లేరు.

గ్రంథంలో ఎవరికి ఎవరు పుట్టారో వరసగా చెప్పుకుపోయే అధ్యాయాలు ఉన్నాయి. బోధకులం వాటిని దాటేస్తాం. కూటంలో చదివితే జనం బీడీలకి లేచిపోతారు. సిస్టరమ్మగారికి అవే ఇష్టం. "వాటిలో ఉప్పు లేదండీ" అంటే, "మీరు దాటేసినవాళ్ళంతా పైన లైనులో నిలబడి ఉంటారు, మీ మీద చెప్పడానికి" అనేవారు. ఆమె చిన్నప్పుడు వల్దెరోసాలో ఒక వీధి వీధంతా వాళ్ళ ఇంటిపేరేనట. ఆ ఊరు తప్ప ఆ పేరు భూమి మీద ఇంకెక్కడా లేదు. కొందరు పట్నాలకి పోయారు, కొందరికి ఆడపిల్లలే పుట్టారు. ఆడపిల్లకి పేరు వస్తుంది, ఆమె పిల్లలకి వెనక పేరుగా ఉంటుంది, వాళ్ళ పిల్లల దగ్గర రాలిపోతుంది. "మేమందరం కలిస్తే ఇప్పుడు ఒక బస్సు నిండదు మైకుగారూ" అన్నారు ఒకప్పుడు. కొన్నేళ్ళకి బస్సు ఆటో అయింది. ఆ తర్వాత తనూ తమ్ముడూ మిగిలితే "స్కూటరు చాలు" అన్నారు. ఆ తమ్ముడికి కొడుకులు లేరు. అతను పోయాడని ఉత్తరం వచ్చిన రోజున చూడటానికి వెళ్తే, "ఇక నడిచి వెళ్ళడమే" అన్నారు. నేను పునరుత్థానం గురించి చెప్పాను. చాలా బాగా చెప్పాను. ఆమె విని, కాఫీ ఇచ్చారు.

వల్దెరోసా ఇప్పుడు లేదు. ఆమె పిల్లగా ఉన్నప్పుడే ఆనకట్ట కట్టి లోయని నింపేశారు. ఊరు ఖాళీ చేసే రోజున వాళ్ళ నాన్న వీధి తలుపు ఊడదీసి భుజాన మోసుకొచ్చాడట. పట్నంలో ఇచ్చిన ఇంటి గుమ్మానికి అది పట్టలేదు. బతికినన్నాళ్ళూ మంచం కింద పెట్టుకున్నాడు. ఒకసారి నేను ఫోనులో ఆ పేరు వెతికితే పెద్ద చెరువులాంటి నీళ్ళు, సెలవులకి వచ్చిన జనం, రంగురంగుల పడవలు కనబడ్డాయి. సంతోషిస్తారేమో అని చూపించాను. ఆమె కళ్ళజోడు పైకెత్తి, ఫోను దగ్గరగా పెట్టుకుని చూశారు.

"ఈ అబ్బాయి మా రొట్టెల కొట్టు మీద పడవ తిప్పుతున్నాడండీ" అన్నారు.

మా మెరకలంకా అంతే. ఏటా వరద వస్తుంది, ఒక వరస కొబ్బరిచెట్లు ఏట్లోకి వాలతాయి, మరుసటి ఏడు ఇంకో వరస. ఒడ్డున నిలబడి నేను వాక్యం చెప్పాను, ఉపవాసం ఉండి ప్రార్థన చేశాను. సముద్రాన్ని గద్దించిన ప్రభువు పేరు మీద ఏటిని గద్దించాను. ఏరు ఆగలేదు. ఇప్పుడు అక్కడ పడవ మీద పోతే సరంగు చేత్తో చూపిస్తాడు, ఇక్కడేనండీ మీ వీధి అని.

మా నాన్న పోయినప్పుడు ఆమె సమాధి దాకా నడిచి వచ్చారు. మా వైపు ఒక పద్ధతి ఉంది. గుంటలో మొదట మట్టి వేసేది ఇంటిపేరువాళ్ళు. తర్వాత చుట్టాలు, తర్వాత ఊరు. గుంట తవ్విన మనిషే పార పట్టుకుని "మెరకలంకోళ్ళు ముందు రండి" అని పిలిచాడు. మా వాళ్ళు ఒకళ్ళని తోసుకుంటూ ఒకళ్ళు వచ్చారు. సిస్టరమ్మగారు గొడుగు కింద నిలబడి ఆ గుంపు తరిగేదాకా చూశారు. తిరిగి వస్తుంటే గట్టు మీద ఆగి అన్నారు.

"నా సిలువ మీద మఠంలో పెట్టిన పేరు ఒకటే రాస్తారు. అది మా నియమం, నాకు బాధ లేదు. కానీ మట్టి వేసే ముందు ఒక్కసారి నా ఇంటిపేరు ఎవరైనా పైకి అనాలి. మీరు అనండి. మీ గొంతైతే యానాం దాకా వినబడుతుంది."

నేను వాదన మానేవాణ్ణి కాదు. "పేరు కోసం పాకులాడటం మంచిదా అమ్మగారూ? గ్రంథంలో ఆకాశాన్నంటే గోపురం కట్టినవాళ్ళు పేరు కోసమేగా కట్టింది."

"గోపురం కట్టమనలేదు మైకుగారూ. పిలవమన్నాను."

సరేనన్నాను. ఆమె అక్కడికక్కడే ఆ పేరు నా చేత పలికించారు. పక్కన పొలంలో కొంగలు లేచాయి.

ఆ తర్వాత నా గొంతు పోయింది. ఆపరేషను అయ్యాక మఠానికి వెళ్ళాను, ఆ పని నావల్ల కాదని చెప్పడానికి. ఆమె చక్రాల కుర్చీలో ఉన్నారు. నా మెడ మీది కుట్లు వేళ్ళతో తడిమి, "మానుతోంది" అన్నారు. అప్పటికే ఆమెకి కొన్ని గుర్తున్నాయి, కొన్ని లేవు. నా చెయ్యి పట్టుకుని, "నాకు దిగుల్లేదండీ, మీ గొంతు ఉంది కదా" అన్నారు. తల ఊపాను.

మంగళవారం మధ్యాహ్నం ఒక్కణ్ణే బస్సెక్కాను. మా ఆవిడ మోకాళ్ళు కదలనివ్వలేదు. వంతెన కింద గోదావరి ఎర్రగా, నిండుగా పోతోంది. నేను పెదాలు ఆడిస్తూ పేరు అనుకుంటున్నాను. పక్కాయన నన్ను చూసి సీటు మారాడు.

మఠం వెనకే వాళ్ళ సమాధులు. జల్లు పడుతోంది. ఫాదరుగారి ప్రార్థన అయ్యాక పెద్ద సిస్టరు నా దగ్గరకి వచ్చి, "ఆమె మీకేదో అప్పజెప్పారని చెబుతూ ఉండేవారండీ. చెప్పండి, పరవాలేదు" అన్నారు. అందరూ జరిగి దారి ఇచ్చారు. వద్దన్నవాళ్ళు ఒక్కరు లేరు. ఎవరైనా వద్దంటే బాగుండునని నాకు అప్పుడు అనిపించింది.

గుంట అంచున నిలబడి నోరు తెరిచాను. వచ్చింది గాలి. గొడుగుల మీద జల్లు చప్పుడు దానికంటే పెద్దది. మళ్ళీ ఊపిరి పట్టాను. గ్రంథంలో, దేవాలయంలో మూగబోయిన ముసలి యాజకుడికి పలక ఇస్తే కొడుకు పేరు రాశాడు, వెంటనే నోరు తెరుచుకుంది. నువ్వూ రాసి ఎవరిచేతైనా చదివించవచ్చు కదా అని మీరు అడగవచ్చు. నాకూ అప్పుడే తోచి జేబులో పెన్ను కోసం తడుముకున్నాను. ఈలోగా, నేను కళ్ళు మూసి పెదాలు ఆడించడం చూసి మౌనప్రార్థన అనుకున్నారు కాబోలు, సిస్టర్లు అందరూ ఒక్కసారి "ఆమెన్" అన్నారు. పువ్వులు వేసి, వరండా వైపు కదిలారు. ఆగండని అరవడానికి కూడా గొంతే కావాలి.

గుంట తవ్వినతను ఒక్కడే నా పక్కన ఉన్నాడు. మట్టి మీద పార మోపాడు. నేను అతని చెయ్యి పట్టుకుని, ఉన్న ఊపిరంతా పెట్టి అన్నాను. అతను వంగి చెవి నా నోటి దగ్గర పెట్టాడు. మళ్ళీ అన్నాను. లోపెస్ దె వల్దెరోసా.

"ఇంటిపేరాండీ?"

తల ఊపాను.

అతను పార వెనక్కి తీసేశాడు. "ముందే చెప్పాలి కదండీ. ఆ ఇంటిపేరోళ్ళు వేశాకే కదా మనం వెయ్యాలి. దారిలో ఉన్నారాండీ? ఆపమంటారా?"

రావలసినవాళ్ళు ఎవరూ లేరని చెప్పడానికి నోరు తెరిచాను. అతనికి ఏమి వినబడిందో తెలియదు. పారని మట్టిలో నిలువుగా గుచ్చి, తలగుడ్డ విప్పి మొహం తుడుచుకుని, జల్లులో గేటు వైపు తిరిగి నిలబడ్డాడు. నేనూ అటే చూశాను.