మిరుగు నాటి నార్వే చేప

ఇది ఒక మహా ప్రతీకార గాథ. నిజానికి అంత లేదు, ఒక చేపల పులుసు సంగతి.

మొయినాబాద్ ఫామ్‌హౌస్‌లకు నార్వే నుంచి వచ్చే సాల్మన్ చేప, ఎండ్రికాయలు నేనే అందిస్తాను. ఒక పెళ్లి బంతిలో మా అక్క మొగుడు అందరి ముందు, "జర దూరం కూసో బామ్మర్ది, నీసు వాసనొస్తున్నవ్" అన్నాడు. ఆ రోజు నుంచి పగబట్టాను.

మృగశిర కార్తె మొదలయ్యే రోజును మేం మిరుగు అంటాం. ఆ రోజు ప్రతి ఇంట్లో చేప వండాల్సిందే. ఈసారి బావ వాళ్లుండే చేవెళ్లలో పొద్దున్నే చేపలు అయిపోయాయి. బావ ఫోన్ చేశాడు.

"మా అవ్వ అలిగి కూసున్నది. ఏదన్న చేప పంపు."

సాల్మన్ ముక్కల ప్యాకెట్ పంపాను. రవ్వచేపలా పులుసులో చాలాసేపు ఉడికిస్తే ఆ చేప విరిగి ముద్దవుతుందని మాత్రం చెప్పలేదు. చుట్టాల ముందు బావ పరువు పోవాలి, అంతే.

సాయంత్రం మళ్లీ ఫోన్. "చేపంత కరిగిపోయింది."

"అయ్యో" అన్నాను, సంతోషం ఆపుకుంటూ.

"అవ్వకు పండ్లు లెవ్వు గదా, గిన్నె ఊడ్చింది. ఒక్క ముల్లు గూడ తగల్లేదంట. వచ్చే మిరుగుకు గిదే పంపు."

సాల్మన్ ముక్కల్లో ముళ్లను ప్యాకింగ్‌కు ముందే పీకేస్తారు.