ఏదన్న రానీ, తూగాలె

ఎనభైల చివర్లో మా జహీరాబాద్ చక్కెర మిల్లులో చెరకు తూకం ప్రోగ్రాం నేనే రాశానంటారు. రాసింది మా సీనియర్ అక్క.

బండికి, లారీకి, ట్రాక్టరుకు ప్రోగ్రాంలో నేను వేర్వేరు క్యూలు రాస్తే, ఆమె అన్నిటికీ ఒకటే రాసి షరతు పెట్టింది: ఏ రకమైనా రావచ్చు, తూగడం తెలిసిన 'వాహనం' క్లాసుకు, అంటే మూలరకానికి, వారసైతే చాలు. "ఏదన్న రానీ తమ్మీ, తూగాలె" అనేది.

షరతెందుకని తీసేశాను. ప్రోగ్రాంలో తూకం వేసే లైను దగ్గర కంప్యూటర్ మొరాయించింది.

"ఏమొస్తదో తెల్వకుంటే, తూగుతదని అదెట్ల నమ్ముతది?" నవ్వుతూ అక్క షరతు మళ్ళీ చేర్చింది.

సీజన్ మొదటిరోజే ఒక రైతు పొలం దున్నే పవర్ టిల్లర్‌కు ట్రాలీ కట్టి చెరకు తెచ్చాడు. ఆ రకం ప్రోగ్రాంలో లేదు. అక్క దాన్ని 'వాహనం' క్లాసుకు వారసుగా చేర్చింది, క్యూను ముట్టుకోలేదు. చెరకు తూగింది.

నా పనే అనుకొని రైతు నాకు చెరకుగడ ఇచ్చాడు. తీసుకొని నమలసాగాను.

"నా పాలేది తమ్మీ?" అంటూ అక్క సగం విరుచుకుంది.

మొత్తం ఆమెదే.