లేని గడ్డకు చెప్పిన సాక్ష్యం

నాలుగేళ్ళుగా ఒక మాట నా గుండె మీద బరువై కూర్చుంది. చర్చిలో పాట పాడుతున్నా, పొయ్యి ముందు నిలబడ్డా అది కదలదు. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియాల్సిన పని లేదు. అందుకే చెప్పగలుగుతున్నాను.

పెళ్ళికి ముందు చెన్నైలో, అందం కోసం ఆపరేషన్లు చేసే ఆసుపత్రిలో నర్సుగా పనిచేశాను. ఉదయగిరిలో చదువుకునే రోజుల నుంచీ నా ఛాతీ చదునుగా ఉందని అందరూ ఎగతాళి చేసేవాళ్ళు. మా సిబ్బందికి తక్కువ ఖర్చుతో చేస్తామంటే రొమ్ముల్లో సిలికాన్ సంచులు పెట్టించుకున్నాను. అది సిగ్గుపడాల్సిన పనా? ఇప్పుడు కాదనిపిస్తుంది. అప్పుడు మాత్రం ఎవరికీ చెప్పలేదు. ఆత్మకూరుకు కాపురానికి వచ్చాక, ఆ గీతలేమిటని మా ఆయన అడిగితే చిన్నప్పుడు సెగగడ్డలు కోశారన్నాను.

పదిహేనేళ్ళకు ఎడమ వైపు రాయిలా గట్టిపడింది. ఒకటే నొప్పి. నెల్లూరులో స్కాన్ చూసిన డాక్టరమ్మ, ఒక సంచి పగిలింది, రెండూ తీసేయాలి అన్నారు. ఇలాంటివాటికి ఆరోగ్య కార్డు పనికిరాదు, ఖర్చు మీరే పెట్టుకోవాలన్నారు. నేను బయటికి వచ్చేసరికి మా ఆయన ముఖం పాలిపోయి ఉంది. గడ్డేనా అని అడిగాడు. తల ఊపాను, కార్డు పనికిరాదన్నారని చెప్పాను. అంతే నేను చేసింది. మిగతాదంతా ఆయనే పాస్టరుగారికి చెప్పుకున్నాడు, క్యాన్సరు అనే మాటతో సహా.

మా సంఘంలో ఆడవాళ్ళు అన్నం వండే ముందు దేవుడి పేరున పిడికెడు బియ్యం తీసి పక్కన పెడతారు. ఆ బియ్యం అమ్మిన డబ్బుతో నా ఆపరేషన్ జరిగింది. కూలికి పోయి వచ్చి, చాలీచాలక వండుకునేవాళ్ళ బియ్యం అది. ఆ రోజైనా నోరు విప్పి ఉంటే ఏమయ్యేది? నవ్వేవాళ్ళు, తిట్టేవాళ్ళు. ఎవరి ప్రాణమూ పోయేది కాదు.

కోలుకున్నాక సాక్ష్యం చెప్పమన్నారు. దేవుడు నా గడ్డను తీసేశాడని నిలబడి చెప్పాను. అందరూ ఏడ్చారు. నేనూ ఏడ్చాను, భయంతో. ఆ సంగతి తెలిసి ఉదయగిరి సంఘం వాళ్ళు కూడా పిలిచారు. పుట్టిన ఊరు, కాదనలేకపోయాను.

అక్కడ ప్రార్థన కూడిక అయ్యాక సుగుణ నన్ను చర్చి వెనక్కి తీసుకుపోయింది. నాతో పదో తరగతి దాకా చదివిన మనిషి. నా చెయ్యి పట్టుకుని తన రొమ్ము మీద పెట్టించింది. గోలీకాయంత గడ్డ, గట్టిగా, వేళ్ళకు కదలకుండా ఉంది. నర్సును, అదేమిటో నాకు తెలియదా?

"నీకు ఆపరేషన్ చేసినామె దగ్గరికే పోదాం మే. నీ కాయితాలు గూడా తీసకరా, ఇద్దరిదీ ఒకటే జబ్బని చూపిద్దాం."

ఆ కాయితాల్లో ఏముందో నాకు తెలుసు.

"డాక్టర్లదేముండాది? ముందు ఉపవాసముండి ప్రార్థన చెయ్యి. కొన్నాళ్ళు చూద్దాం," అన్నాను.

"నువ్వు చెప్పినావంటే సరే," అంది.

వేరే డాక్టరు దగ్గరికి పొమ్మని ఒక్క మాట అనలేకపోయానా? ఎన్ని ఆసుపత్రులు లేవు? ఫోన్ చేసి చెబుదామని చాలాసార్లు అనుకున్నాను. ఈలోపు ఆమే ఫోన్ చేసి, ప్రార్థనతో నొప్పి తగ్గినట్టుందని చెప్పేది. నేను స్తోత్రం అనేదాన్ని. ఇంట్లోవాళ్ళు ఆసుపత్రికి తీసుకుపోయేసరికి జబ్బు ఊపిరితిత్తులకు పాకింది. పోయిన ఏడాది సమాధి చేశారు.

మొన్న జ్ఞాపకార్థ కూడికలో ఆమె కూతురు వచ్చి నా పక్కన కూర్చుంది.

"చిన్నమ్మా, నీకు తగ్గింది గదా. మాయమ్మకెందుకు తగ్గలా? మాయమ్మకు విశ్వాసం చాల్లేదా?"

దేవుడి చిత్తం అన్నాను. ఆ పిల్ల తల ఊపి కళ్ళు తుడుచుకుంది.

క్షమించమని అడగడం లేదు. క్షమించాల్సిన మనిషి లేదు. ఆ పిల్లకు నిజం చెప్పే ధైర్యం ఇవాళ లేదు, రేపు వస్తుందన్న నమ్మకమూ లేదు. మీ అమ్మ విశ్వాసంలో ఏ లోటూ లేదమ్మా, ఆసుపత్రికి పోతానంటే నేనే ఆపాను. ఆ పిల్లకు చెప్పాల్సిన ఈ మాట మీకు చెప్పాను. కొంచెం ఊపిరి ఆడుతోంది, అంతే.