మాస్టారి వేళ్ళు వెతికిన అక్షరాలు

మా టైపు మాస్టారు పోయారు. మొన్న మంగళవారం పొద్దున్నే బాపట్ల నుంచి ఆయన కూతురు ఫోన్ చేసి, "నాన్నగారు వెళ్ళిపోయారక్కా" అంది. రేపల్లెలో దస్తావేజులు రాసే చిన్న ఆఫీసులో పనిచేస్తాను నేను. ఆయన కూర్చునే కుర్చీ నా పక్కనే ఉంటుంది. అది ఖాళీ అయి ఆరు నెలలైంది.

తెనాలిలో టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపే రోజుల్లో ఆయన నాకు ఇంగ్లీషు టైపు నేర్పారు. తెలుగు కూడా నేర్చుకోమంటే నేనే బద్ధకించాను. "తప్పు కొట్టినా ఫర్వాలేదమ్మాయ్, కిందికి చూసి మాత్రం కొట్టకు" అనేవారు. ఇన్‌స్టిట్యూట్ మూతపడ్డాక మా ఆఫీసులోనే తెలుగు టైపుకి కుదిరారు. రోజూ తెనాలి నుంచి రైల్లో వచ్చి, చేతులు కడుక్కుని తుడుచుకుంటే గానీ కీబోర్డు ముట్టేవారు కాదు. నేను పకోడీ తిన్న చేత్తోనే కొడుతుంటే, "ఆ పొలానికి నూనె సరిహద్దు కూడా రాస్తున్నావా ఏంటి?" అని ఏడిపించేవారు.

కిందటేడు పాత కంప్యూటర్లు మొరాయించాయి. యజమాని కొత్తవి మూడు కొంటూ, విండోసే ఉంచుదామా, లినక్స్ వేయిద్దామా అని మా ఇద్దర్నీ అడిగారు. నాకు లినక్స్ మీద మోజు. ఊరికే వస్తుందని, వైరస్‌ల బెడద తక్కువని ఊదరగొట్టాను. మాస్టారు ఒక్కటే అడిగారు.

"నా టైపు మిషన్ అక్షరాల వరుస అందులో ఉంటుందా అమ్మాయ్?"

"ఉంటుందండి మాస్టారూ. అన్నీ ఉంటాయి."

చూడకుండానే చెప్పేశాను.

"అయితే అదే పెట్టించండి. రేపు దాంతో వేగాల్సింది ఈ అమ్మాయే కదా" అన్నారు ఆయన యజమానితో.

కంప్యూటర్లు వచ్చాయి. తెలుగు ఉంది గానీ, పాత కంప్యూటర్లలో ఉన్నట్టుగా అక్షరాలు ఆయనకు అలవాటైన చోట లేవు. నలభై ఏళ్ళ అలవాటుతో వేళ్ళు పాత చోటికే వెళ్ళేవి. తెర మీద ఇంకేదో పడేది. ఆయన కిందికి చూస్తూ ఒక్కొక్క అక్షరం వెతుక్కోవడం నేను మొదటిసారి చూశాను. నాకు మొహం చెల్లలేదు.

"ఏంటి మాస్టారూ, ఈ మధ్య బాగా నెమ్మదించారు?" అని ఒకరోజు యజమాని అడిగారు.

ఆయన నా వైపు చూడను కూడా లేదు. "వయసండి" అన్నారు.

అలా తప్పు తన మీద వేసుకున్నారు. నేను నోరు విప్పలేదు. నాలుగు నెలలు ఎలాగో లాక్కొచ్చి, ఇక నా వల్ల కాదని పని మానేసి, బాపట్లలో కూతురి దగ్గరికి వెళ్ళిపోయారు.

ఫోన్ వచ్చాక బాపట్ల వెళ్ళి ఆయన్ని చివరిసారి చూసి వచ్చిన మర్నాడు, ఆ వరుస ఎక్కడైనా దొరుకుతుందా అని మొదటిసారి వెతికాను. ఎవరో తయారు చేసి ఇంటర్నెట్‌లో పెట్టారు. ఆయన కంప్యూటర్లోకి ఎక్కించడానికి పది నిమిషాలు పట్టింది. ఆయన ఉండగా ఆ పది నిమిషాలు నాకు దొరకలేదు. సిగ్గుగా ఉంది. తప్పు ఒప్పుకుందామంటే వినాల్సిన మనిషి లేరు. ఆఫీసులో ఇంకెవరికీ ఈ సంగతే తెలియదు.

ఇప్పుడు ఆ కంప్యూటర్లో ప్రతి అక్షరం ఆయన వేళ్ళు వెళ్ళిన చోటే ఉంది. ఆ వరుస వచ్చినవాళ్ళు మాలో ఒక్కరూ లేరు. నిన్న అందరూ భోజనాలకు వెళ్ళాక ఆయన కుర్చీలో కూర్చుని, ఆయన పేరు కొడదామని ఒక్కొక్క మీటా నొక్కుతూ పోయాను. తెర నిండా ఏవేవో అక్షరాలు పడ్డాయి. ఆయన పేరు మాత్రం రాలేదు.