ఏడు గంటల వార్తలూ, షూబిన్ బకెట్లూ

ఏడు గంటల వార్తల్లో ప్రభుత్వ టీవీ ఏం చెబితే దానికి సరిగ్గా తలకిందులుగా చెయ్యడం, ఇదొక్కటే ఫాంగ్ షూబిన్‌కున్న జబ్బు. "రేపు ఎండ" అంటే గొడుగు తీస్తాడు. "కూరగాయల ధరలు నిలకడగా ఉన్నాయి" అంటే మంచం కింద క్యాబేజీలు పేరుస్తాడు. "పౌరులంతా ఆనందంగా ఉన్నారు" అన్నారో, వేడి గంజి గిన్నె పట్టుకుని "ఏమైంది, ఎవరికి బాగాలేదు?" అంటూ తలుపులన్నీ తడతాడు.

పసుపునది ఒడ్డున షూబిన్ ఉండే అద్దెగదుల భవనం నాలుగో అంతస్తులో ఉండేవాళ్ళంతా పాతికేళ్ళ లోపువాళ్ళే. వార్తల్ని ఊరగాయలా నంజుకుంటూ నూడుల్స్ తినేవారు. టీవీలో మనిషి నోరు తెరవగానే వాక్యం వీళ్ళే పూర్తిచేసేవారు, తప్పు చెప్పినవాళ్ళ చేత గిన్నెలు తోమించేవారు. షూబిన్ ఒక్కడే నోట్సు రాసుకునేవాడు.

"నమ్మనివాడివి, అంత శ్రద్ధగా వినడం దేనికి, అన్నా?" అని అడిగింది ఎదురుగది మెంగ్ రూయీ.

"అబద్ధం ఎప్పుడూ ఒకే వైపు చూపిస్తుందమ్మా, మనం రెండోవైపు పోతే చాలు. నిజంతోనే చిక్కు, అది ఎటైనా పోతుంది."

ఆ రూయీకే ప్రభుత్వ టీవీ నగర చానల్లో ఆ ఏడు గంటల వార్తలు చదివే ఉద్యోగం వచ్చింది. ఆమెకు పై అధికారులంటే భయం లేదు, నాలుగో అంతస్తంటేనే భయం. ఇన్నాళ్ళూ తనతో కలిసి నవ్వినవాళ్ళు ఇక తనను చూసి నవ్వుతారు.

మొదటిరోజు చేతికిచ్చిన కాగితంలో చివరి వాక్యం: "రేపు నీటి సరఫరాకు ఏ అంతరాయమూ ఉండదు." తడబడకుండా చదివింది.

తెల్లారేసరికి కొళాయిలు బుస్సుమని ఊరుకున్నాయి. నోట్లో బ్రష్షులతో అందరూ వరండాలో చేరారు.

"వార్తలమ్మగారూ, పుక్కిలించడానికి ఓ వాక్యం ఇప్పించండి," అంది పక్కగది నింగ్.

అప్పుడే షూబిన్ తలుపు తెరిచాడు. లోపల తొమ్మిది బకెట్లు, నిండుగా. రూయీ తల దించుకుంది. ఇతగాడు నోరు విప్పితే తన పరువు నదిలో కలిసినట్టే.

షూబిన్ గొంతు సవరించుకున్నాడు. "ఇవి పోయినవారంవి, మిగిలిపోయాయి. నిన్న చదివింది మన పిల్ల, ఇంక నేనెందుకు నింపుతాను? తెల్లారగట్ల ఎక్కడో పైపు పగిలి ఉంటుంది. పట్టుకెళ్ళండి."

రెప్ప వెయ్యకుండా, చివర్లో చిన్న చిరునవ్వు తగిలించి మరీ చెప్పాడు. శిక్షణలో రూయీకి నేర్పిందీ అదే. పోయినవారం నీళ్ళలో మిగిలిన ఆఖరి బకెట్టుతో నిన్న తలంటుకున్నది మరెవరో కాదు, ఆమే. అంత చక్కటి అబద్ధం ఆమె ఏ చానల్లోనూ వినలేదు. షూబిన్ మీద కొండంత అభిమానం పుట్టుకొచ్చింది.

ఖాళీ బకెట్టు తిరిగిస్తూ, "అన్నా, ఇవాళ నా మాట వినకు, నా చెవి చూడు," అంది మెల్లగా.

సాయంత్రం ఏడయింది. "రేపు కరెంటు పోయే ప్రసక్తే లేదు," అని నిండుగా నవ్వుతూ చదివింది రూయీ. చదువుతూ ఎడమ చెవి గోక్కుంది.

"కొవ్వొత్తులు," అంటూ లేచాడు షూబిన్. నింగ్‌తో సహా నాలుగో అంతస్తంతా చెప్పులు వేసుకుంది.